మగ్గము ఈవలనా, ఆవలనా?

ఇడపనూరులో ఒక యువకుడు మొన్న సంఘము కచేరికి వచ్చి, "గద్వాలకు కాపురము మార్చుకొందును, నా వాటా ధనము తిరిగి ఇప్పించండి" అని అడిగినాడు. అతని బావమరది అక్కడ నేయుచున్నాడు. "ఇద్దరిదీ గుంట మగ్గమే, ఇద్దరమూ పద్మశాలీలమే. అతనికున్నది నాకెందుకు లేదు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నయే.

1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రపు రాయచూరు జిల్లాను విభజించి గద్వాల, ఆలంపురము తాలూకాలను ఆంధ్రప్రదేశ్‌లోను, మిగిలిన భాగమును మైసూరులోను చేర్చిరి. మైసూరు 1973లో కర్ణాటక అయినది. గద్వాల 2014లో తెలంగాణకు చెందినది. తుంగభద్ర దాటిన కర్నూలు జిల్లా ఆంధ్రలోనే ఉన్నది. పిల్లనిచ్చుటకు, తెచ్చుకొనుటకు ఈ గీతలు అడ్డు రాలేదు. రేషను కార్డు దగ్గర మాత్రము వచ్చినవి.

ఆవలి వారికి కలిగిన మేలు మేము కాదనము. తెలంగాణలో 2022లో నేతన్న బీమా 5 లక్షల రూపాయలకు పెట్టిరి. ఆంధ్రలో 2019 నుండి కొన్నేళ్లు సొంత మగ్గమున్న కుటుంబమునకు ఏటా 24,000 రూపాయలు ఇచ్చిరి. మన ప్రక్క 2020లో నేకార సమ్మాన్ క్రింద 2,000 ఇచ్చి, పిదప 5,000 చేసిరి. వీటిని ప్రక్కప్రక్కన పెట్టిన ఎవరికైనను మనసు చలించును. అయితే ప్రభుత్వము మారిన పథకము మారును. దానిని నమ్మి ఇల్లమ్ముకొన్నవాడు మరల ఇల్లు కొనగలడా?

ఇంకొక నష్టమును గూర్చి మనవారు అంతగా మాటలాడుట లేదు. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు కలదు. నూలు ఒడలు, పట్టు అంచు, అదే కుట్టు పనితనముతో ఇక్కడ నేసినను ఆ పేరు పెట్టి అమ్మరాదు. ఇలకల్లు పేరు బాగలకోట వైపు వారిది. మన చీర పేరులేని చీరగా షావుకారు చేతికి పోవుచున్నది. మా దృష్టిలో బీమా కంటె ఇది పెద్ద లోటు.

ఇక్కడ ఉండుటలో లాభము పిల్లలది. 2012లో రాజ్యాంగమును సవరించి చేర్చిన 371-జె అధికరణము వలన రాయచూరు మొదలగు జిల్లాల స్థానికులకు చదువులలోను, ప్రభుత్వోద్యోగములలోను ప్రత్యేక కోటా ఉన్నది. కాపురము మార్చినచో ఆ హక్కు చిక్కులో పడును. కన్నడములో ఏడు తరగతులు చదివిన పిల్లవానిని తెలుగు బడిలో కూర్చుండబెట్టుట కూడ తేలిక కాదు. ఇంట తెలుగు, బడిలో కన్నడము అని మేము పెరిగినాము, దానివలన చెడినది లేదు.

కొందరు రెండు ప్రక్కల కార్డులు పెట్టుకొనుచున్నారు. దీనిని మేము ఒప్పుకొనము. పట్టుబడిన రెండును పోవును, సంఘమునకు చెడ్డపేరు వచ్చును.

దారి వేరొకటి ఉన్నది. 2002 నాటి బహుళ రాష్ట్ర సహకార సంఘముల చట్టము ప్రకారము ఒక్కొక్క రాష్ట్రము నుండి కనీసము 50 మంది సంతకము చేసిన రెండు మూడు రాష్ట్రముల నేతగాండ్రు ఒకే సంఘముగా నమోదు కావచ్చును. దానివలన ప్రభుత్వ పథకములు ఒక్కటి కావు, గద్వాల పేరు మనకు రాదు. కాని నూలు కలిసి కొనవచ్చును, మన చీరకు మనమే ఒక పేరు పెట్టి కలిసి అమ్మవచ్చును. ఆ యువకునికి ఇదే చెప్పినాము. వాటా ధనము అడుగుట ప్రస్తుతము ఆపినాడు. ఈ ప్రక్క 50 సంతకములు మేము చేయించగలము. గద్వాల, కర్నూలు ప్రాంతముల సంఘముల వారు తమ అభిప్రాయము ఈ పత్రికకు వ్రాయ ప్రార్థన.