మొదట బోర్డు, తరువాతనే తక్కినవి

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పుదురు. ఈ కాలమున దానికి ‘కంప్యూటరు కూర్చి చూడు’ అను మూడవ మాటను చేర్చవచ్చునని మా అనుభవము చెప్పుచున్నది. విడిభాగములు కొని ఇంటిలోనే కంప్యూటరును అమర్చుకొనుట నేడు విద్యార్థులకు అందని విద్య కాదు. కాని ఏ భాగమును ముందు ఎంచుకొనవలెనో తెలియక నష్టపోవువారు పలువురు. ప్రాసెసరును గూర్చి పదిమందిని విచారించి, మదర్ బోర్డును మాత్రము అమ్మువాని ఇష్టమునకు వదలివేయుట సర్వసాధారణమైన పొరపాటు. మన కళాశాల ప్రయోగశాలకు కొత్త కంప్యూటర్లు కొనదలచిన ఈ తరుణమున, ఈ విషయమును పాలకవర్గము వారి ఎదుటను, తోటి విద్యార్థుల ఎదుటను ఉంచుట మా కర్తవ్యమని భావించుచున్నాము.

మా పొరపాటుతోనే ప్రారంభింతుము. గత వేసవి సెలవులలో మాలో ఒకని ఇంటికి కంప్యూటరు కూర్చవలెనని నలుగురము సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయితిమి. ఇద్దరము ఉర్దూ మాధ్యమము వారము, ఇద్దరము తెలుగు మాధ్యమము వారము. మిత్రుని తల్లిగారు చిట్టీ ఎత్తి ఇచ్చిన సొమ్ము మా చేతిలో ఉన్నది. ఒక దుకాణములో ప్రాసెసరును, మెమరీని కొంటిమి. బోర్డు మరియొక చోట పదిహేను వందల రూపాయలు తక్కువకు వచ్చుచున్నదని, పెట్టెపై వ్రాసియున్నది చదువకయే తీసికొంటిమి. ఇంటికి వచ్చి అమర్చబోగా మెమరీ దాని గాడిలో కూర్చుండలేదు. మేము కొన్నది డీడీఆర్ 4 మెమరీ. బోర్డు డీడీఆర్ 5 కొరకు చేసినది. ఈ రెండింటికి గంటు వేర్వేరు చోట్ల ఉండును గనుక ఒకదాని స్థానమున మరియొకటి పట్టదు. మేము కొన్న 12వ తరము ఇంటెల్ ప్రాసెసరు రెండింటితోను పనిచేయగలదు. ఏది కావలెనో నిర్ణయించునది బోర్డే. మెమరీ మార్చుకొనుటకైన నష్టము, బోర్డుపై మిగిల్చిన సొమ్మును మించినది. తప్పు దుకాణదారులది కాదు, మాది. ఆ రాత్రి తల్లిగారికి లెక్క చెప్పునప్పుడు మాలో ఎవరును తల ఎత్తలేకపోయితిమి.

ప్రాసెసరు కంప్యూటరుకు మెదడు వంటిదని పాఠములలో చదివితిమి. అది నిజమే. కాని ఏ మెదడు పట్టును, ఎంత మెమరీ చేర్చవచ్చును, ఎన్ని డిస్కులు తగిలించవచ్చును అను ప్రశ్నలకు జవాబు బోర్డులో ఉన్నది. తక్కిన భాగములను ఒక్కొక్కటిగా మార్చుకొనవచ్చును. బోర్డును మార్చినచో తరచు ప్రాసెసరును, మెమరీని కూడ మార్చవలసివచ్చును. ఏఎమ్‌డీ వారి ఏఎమ్ 4 సాకెట్టును చూడుడు. 2017లో మొదటి రైజెన్ ప్రాసెసర్లతో వచ్చిన బోర్డులలో పలువాటికి 2022లో బయోస్ సవరణలు వెలువడి, 5000 శ్రేణి ప్రాసెసర్లను కూడ అమర్చుటకు వీలు కలిగినది. అయిదేండ్ల నాటి బోర్డు కొత్త ప్రాసెసరుతో మరల యౌవనము పొందినదన్నమాట. ఇంటెల్ వారి ఎల్‌జీఏ 1700 సాకెట్టు 2021లో వచ్చి 12, 13, 14 తరములకు ఉపకరించినది. 2024లో కొత్త తరముతో సాకెట్టే మారినది. కావున కొనువారు నేటి వేగమునే గాక రేపటి అవకాశమును కూడ చూడవలెను.

సోదర విద్యార్థులకు మేము చెప్పదలచినది ఇది. మొదట మన పని ఏదో నిర్ణయించుకొనవలెను. ప్రోగ్రాములు వ్రాయుట, వ్యాసములు అచ్చుకు సిద్ధపరచుట, పాఠములు వినుట మన పనులైనచో ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు అనవసరము. ఈ సంచికలో ఉర్దూ కుడి నుండి, తెలుగు ఎడమ నుండి సాగుచున్నవి. రెండింటిని ఒకే సామాన్యమైన యంత్రముపై కూర్చవచ్చును. అయితే ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ అను అక్షరమున్నచో దానిలో గ్రాఫిక్స్ భాగము పనిచేయదు. ధర తక్కువని దానిని కొని, తెరపై ఏమియు కానరాక కలవరపడవలదు. కార్డుపై మిగిలిన సొమ్మును బోర్డుకును, మంచి పవర్ సప్లైకును కేటాయింపవలెను. హెచ్ 610 చిప్‌సెట్టు బోర్డులో మెమరీకి రెండే గాడులుండును. బీ 760 బోర్డులలో తరచు నాలుగు లభించును. 2025 చివరి నెలలలో మెమరీ ధరలు విపరీతముగా పెరిగినవి. అట్టి సమయమున కొంత మెమరీతో పని ప్రారంభించి, చేయి ఆడినప్పుడు తక్కినది చేర్చుకొనుటకు ఖాళీ గాడులే ఆధారము.

ఎల్‌జీఏ బోర్డులలో సన్నని పిన్నులు సాకెట్టులోనే ఉండును. అవి వంగినచో సాధారణముగా వారంటీ వర్తింపదు. కావున బోర్డు పెట్టెను దుకాణములోనే తెరిపించి, మూత తీయించి చూచుకొనవలెను. ప్రాసెసరుకు తగిన బయోస్ అందులో ఉన్నదా యని అడుగవలెను. సీరియల్ నంబరు వ్రాసిన రసీదు లేనిదే సొమ్ము చెల్లింపరాదు. రసీదు అను మాట మన రెండు భాషలలోను ఉన్నది. దానిని అడిగి పుచ్చుకొను అలవాటు కూడ రెండింటివారికి ఉండవలెను.

ఇక పాలకవర్గము వారికి మా విన్నపము. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చు భద్రతా సవరణలు నిలిచిపోయినవి. మన పాత యంత్రములలో పెక్కింటిని విండోస్ 11 అంగీకరింపదు. అందువలన కొనుగోలు అవసరమనుట మేము కాదనము. కాని వచ్చుచున్న ధరల పట్టికలలో ప్రాసెసరు పేరు, మెమరీ పరిమాణము, డిస్కు పరిమాణము వివరముగా ఉండి, బోర్డు దగ్గర ‘తగినది’ అను ఒక్క మాట మాత్రమే కనబడుచున్నది. అమ్మువాడు పొదుపు చేయదలచినచో ఆ మాట చాటుననే చేయును. అదియును గాక, పేరుపొందిన కంపెనీల తయారు యంత్రములు కొన్నింటిలో బోర్డు ఆకారము, విద్యుత్ కనెక్టరు వారి సొంత పద్ధతిలో ఉండును. ఇంటెల్ 1995లో ప్రకటించిన ఏటీఎక్స్ కొలతల పుణ్యమా యని బజారులోని బోర్డు, పెట్టె, పవర్ సప్లై ఒకదానితో ఒకటి కలియును. సొంత పద్ధతి యంత్రములో బోర్డు చెడినచో, గడువు తీరిన పిమ్మట, తక్కినదంతయు నిక్షేపముగా ఉన్నను మూల పడును.

తయారు యంత్రమునకు ఒకే సంస్థ బాధ్యత వహించునని, మరమ్మతుకు మనిషిని పంపునని, ఆడిటు సులభమని పెద్దలు చెప్పుట సమంజసమే. కూర్చిన యంత్రమునకు ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క వారంటీ ఉండును. ఆ కాగితములను భద్రపరచు శ్రమ తప్పదు. విద్యార్థుల చేతిలో భాగములు చెడునను భయము కూడ నిరాధారము కాదు. మా కథయే దానికి సాక్ష్యము. అందుచేత మొత్తము కొనుగోలును మాకు అప్పగింపుమని మేము కోరుట లేదు. మా కోరికలు రెండే. ఒకటి, ప్రతి ధరల పట్టికలోను బోర్డు పేరు, మోడలు, మెమరీ రకము, గాడుల సంఖ్య తప్పక వ్రాయించవలెను. రెండు, ఈ యేడు అయిదు యంత్రములను విడిభాగములుగా తెప్పించి, అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థుల చేత కూర్పించవలెను. పాత యంత్రములను తుక్కుకు వేయక ముందు లినక్స్ ఎక్కించి చూచుటకు కూడ మాకు అనుమతి నీయవలెను.

మా మిత్రుని తల్లిగారి సొమ్ము కొంత వృథా అయినది. కాని ఆ కంప్యూటరులో ఏ స్క్రూ ఎందుకున్నదో నేడు మా నలుగురికి తెలియును. ప్రయోగశాలలో ఇన్నేండ్లు కూర్చున్నను మాకు లభింపని జ్ఞానము అది. దానిని ఇంటి సొమ్ము పోగొట్టుకొని గాక, కళాశాలలో గురువుల ఎదుట నేర్చుకొను భాగ్యము మా తమ్ములకు, చెల్లెండ్రకు కలుగవలెనని మా ఆకాంక్ష.