పెళ్లికి ముందు మొటిమల క్యాప్సూల్

చింతలపూడి, నూజివీడు వైపు రసాల కాలమూ పెళ్లిళ్ల కాలమూ కలిసే వస్తాయి. నెల తప్పిన కోడలిని ‘వేడి చేస్తుంది’ అంటూ మామిడిపండు తిననివ్వని ఇళ్లున్నాయి. పెళ్లిలో ముఖం నున్నగా కనిపించాలని ఆ అమ్మాయి వాడిన మొటిమల క్యాప్సూల్ గురించి మాత్రం ఎవరూ అడగరు. అడగాల్సింది దాని గురించే.

పిండంలోని కణాలన్నిటిలో ఉండేవి అవే జన్యువులు. ఒకటి చర్మంగా, ఇంకొకటి నాడీకణంగా మారేది ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే ప్రొటీన్ల వల్ల. వీటినే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లంటారు. డీఎన్‌ఏ మీద తమ చోట కూర్చుని జన్యువుల్ని ఆన్, ఆఫ్ చేస్తాయి. వీటిలో కొన్నిటికి ఆజ్ఞ ఇచ్చేది, విటమిన్-ఎ నుంచి శరీరం తయారుచేసుకునే రెటినాయిక్ యాసిడ్. మెదడు వెనుక భాగం, వెన్నుపాము సరిగా రూపుదిద్దుకోవాలంటే అది తక్కువ కాకూడదు, ఎక్కువా కాకూడదు.

మామిడిలో ఉండేది బీటా కెరోటిన్. శరీరం దాన్ని అవసరమైన మేరకే విటమిన్-ఎగా మార్చుకుంటుంది కాబట్టి పండుతో ఆ భయం లేదు. (షుగర్ ఉంటే అది వేరే లెక్క.) ఐసోట్రెటినాయిన్ క్యాప్సూల్ అలా కాదు, రెటినాయిక్ యాసిడ్‌కు మరో రూపమే అది. 1982లో అమెరికాలో అనుమతి పొందిన కొద్దికాలానికే, గర్భిణులు వాడితే బిడ్డ మెదడు, గుండె, చెవులు దెబ్బతింటున్నాయని తేలింది. మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు.

బిడ్డను కనాలనుకునేవారు కనీసం నెల ముందే ఈ మందు ఆపాలి. వాడుతున్నన్నాళ్లూ గర్భనిరోధం తప్పనిసరి. అక్కకు రాసిన చీటీతో చెల్లెలికి కొనకండి. వాడుతుండగా నెల తప్పితే వెంటనే ఆపేసి, ఆ రోజే గైనకాలజిస్టును కలవండి.