నొక్కితే... 404!

ప్రోగ్రామర్‌కి రెండు చదువులుంటాయి. కాలేజీలో చదివింది ఒకటి. ఉద్యోగంలో చేరాక, పక్క సీటు వాళ్లంతా ఇళ్లకు వెళ్లిపోయాక, ఏదో ఒక లైబ్రరీ డాక్యుమెంటేషన్ ముందేసుకుని చదివేది రెండోది. పని గడిచేది ఈ రెండోదానితోనే. అలా చదువుతూ చదువుతూ, అర్థంకాని మాట నీలం రంగులో కనిపించిందని ఆశగా నొక్కితే 'పేజీ దొరకలేదు' అని వస్తే? ఆ రాత్రికి ఇక కాఫీయే దిక్కు!

సమాచారాన్ని మూటగట్టి పంపే లైబ్రరీలతో ఈ బాధ మరీ ఎక్కువ. ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ దాని సమాచారం మెమరీలో చెట్టులా కొమ్మలేసుకుని ఉంటుంది. ఫైల్లో దాచాలన్నా, మరో కంప్యూటర్‌కి పంపాలన్నా దాన్నంతా ఒక వరసలో పేర్చాలి. అవతలివాళ్లు మళ్లీ విప్పుకోవాలి. కట్టడం సీరియలైజేషన్, విప్పడం డీసీరియలైజేషన్. రస్ట్ భాషలో ఈ పనికి ఎక్కువమంది వాడే లైబ్రరీ 'సెర్డీ'. ఆ రెండు మాటల మొదళ్లు కలిపితే వచ్చిన పేరది. జేసన్, టామల్... ఇలా ఒక్కో రూపానికి ఒక్కో లైబ్రరీ ఉంటే, అన్నిటికీ నడుమ సెర్డీ ఉంటుంది.

అందుకే ఇక్కడ ఒక్క పేజీ చదివితే ఏమీ బోధపడదు. 'సీరియలైజ్' దగ్గర మొదలుపెట్టినవాళ్లు 'సీరియలైజర్' దగ్గరికి వెళ్లి తీరాలి. పేరులో తేడా ఒక్క అక్షరమే. కానీ మొదటిది మూటలో పెట్టే వస్తువు సంగతి, రెండోది మూట కట్టే తీరు సంగతి. ఈ రెంటినీ కలిపే లింకు తెగిందంటే కొత్తవాళ్లు రెండూ ఒకటేననుకుని గంటల తరబడి తంటాలు పడాల్సిందే.

లింకులు ఎందుకు తెగేవి? రస్ట్ లైబ్రరీల్లో వాటిని చాలాకాలం చిరునామాల్లా రాశారు. 'ఒక ఫోల్డరు పైకెక్కు, అక్కడ ఫలానా హెచ్‌టీఎంఎల్ ఫైలు తెరువు' అన్నట్టు. ఆ వస్తువుని వేరే ఫోల్డరులోకి మార్చినా, స్ట్రక్ట్‌గా ఉన్నదాన్ని ఈనమ్ చేసినా ఫైలు దారి మారిపోతుంది. లింకు మాత్రం పాత గుమ్మం దగ్గరే నిలబడి తలుపు కొడుతూ ఉంటుంది. ఇంకో చిక్కూ ఉంది. ఒకే వివరణ రెండు చోట్ల కనిపించేలా పెడితే, ఒక చోట పనిచేసే లింకు రెండో చోట దారి తప్పుతుంది.

పల్లెటూళ్లో డోర్ నెంబరు చెప్పి ఇల్లు అడిగితే ఎవరు చెబుతారు? 'కరణంగారి మనవడి ఇల్లు' అనండి... చిన్నపిల్లాడైనా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడు, వాళ్లు పక్క వీధికి మారినా సరే. 2020 నవంబరు 19న విడుదలైన రస్ట్ 1.48 ఇదే పద్ధతిని అందరికీ తెచ్చింది. ఫైలు దారి అక్కర్లేదు, పేరు రాస్తే చాలు. ఆ పేరు ఎక్కడుందో పత్రాలు తయారుచేసే పనిముట్టే వెతుక్కుంటుంది. దొరక్కపోతే అప్పటికప్పుడే హెచ్చరిస్తుంది. కావాలంటే ఆ హెచ్చరికని తప్పు కింద లెక్కగట్టి పని ఆపేయమని కూడా చెప్పొచ్చు. అంటే తెగిన లింకు సంగతి చదివేవాళ్లకంటే ముందు రాసినవాళ్లకే తెలుస్తుందన్నమాట!

అయితే పాత లింకులు వాటంతటవే మారవు. ఎవరో ఒకరు కూర్చుని ఒక్కొక్కటీ దిద్దాలి. పేరు రాని పని, జీతం లేని పని. చాలామంది కొత్త ప్రోగ్రామర్లు ఓపెన్ సోర్స్‌లో అడుగుపెట్టేది ఇలాంటి మరమ్మతులతోనే.

బయటి వెబ్‌సైట్లకు వెళ్లే లింకులకు ఈ కాపలా లేదు. సెర్డీ పాఠాల పుస్తకం కూడా వేరే సైట్‌లోనే ఉంది. 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత దొరకలేదని 2024లో ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్క తేల్చింది.

లింకు అంటే సౌకర్యమే అనుకుంటే పొరపాటు. పైథాన్‌లో యామల్ మూటలు విప్పే 'పైయామల్' సంగతే చూడండి. దాని 'లోడ్' ఆదేశంతో ముక్కూమొహం తెలీని ఫైలు విప్పితే, అందులో దాక్కున్న ఆజ్ఞలు కూడా నడిచే ప్రమాదం ఉండేది. ఆ మాట డాక్యుమెంటేషన్‌లో ఉంది, 'సేఫ్ లోడ్' అనే క్షేమమైన దారీ ఉంది. చదివినవాళ్లే తక్కువ! చివరికి 2019 మార్చిలో వచ్చిన 5.1 వెర్షన్‌లో, లోడర్ పేరు చెప్పకుండా 'లోడ్' వాడితే తెరమీద హెచ్చరిక కనిపించేలా చేశారు. పూర్తి వివరాలకు ఫలానా పేజీ చదవమని లింకు కూడా అందులోనే పెట్టారు. వెతుక్కుంటూ రానివాళ్ల దగ్గరికి పేజీయే నడిచి వెళ్లిందన్నమాట. 2021లో వచ్చిన 6.0తో ఆ మొహమాటం కూడా పోయింది. ఏ లోడరో చెప్పకపోతే 'లోడ్' అసలు కదలదు.