అధికారం చేతులు మారితే సరిపోతుందా?

"ఆడదానికి ఆడదే శత్రువు" అనే మాట మనం వినని రోజుండదు. కట్నం చావు గురించి మాట్లాడినా, కోడళ్లపై హింస గురించి మాట్లాడినా చివరికి చర్చను ఈ మాట దగ్గరకు తెచ్చి ముగిస్తారు. అత్త ఆడదే, ఆడపడుచు ఆడదే, ఇక మగవాళ్లను అనడం ఎందుకంటారు. ఈ వాదనకు జవాబు వెతుక్కునే వాళ్లు బ్రిటిష్ రచయిత్రి నయోమీ ఆల్డర్‌మన్ 2016లో ప్రచురించిన 'ది పవర్' నవల గురించి తెలుసుకోవాలి. పైపైన చదివితే ఆ నవల కూడా ఈ మాటనే బలపరుస్తున్నట్టుంటుంది. కాబట్టి మరింత జాగ్రత్తగా చదవాలి.

ఆల్డర్‌మన్ 1974లో లండన్‌లో పుట్టారు. ఆ నగరంలోని హెండన్ ప్రాంతంలో, సంప్రదాయ యూదు కుటుంబంలో పెరిగారు. తనను ఆడదానిగా పుట్టించనందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం ఆ సంప్రదాయంలో మగవాళ్లు రోజూ పొద్దున చేసే ప్రార్థనలో ఒక భాగం. ప్రార్థనా మందిరంలో స్త్రీలు వేరుగా కూర్చోవాలి. 2006లో వచ్చిన ఆమె మొదటి నవల 'డిసొబీడియన్స్' ఈ లోకం గురించే. మతగురువైన తండ్రి చనిపోతే న్యూయార్క్ నుంచి తిరిగొచ్చిన కూతురికి, ఒకప్పుడు తను ప్రేమించిన స్త్రీ మరొకరి భార్యగా ఎదురవుతుంది. ఆ ఏడాదే ఆ నవలకు కొత్త రచయిత్రులకిచ్చే ఆరెంజ్ అవార్డు వచ్చింది. ఆ పుస్తకం మొదలుపెట్టేటప్పుడు మతాచారాలు పాటించే మనిషినని, ముగించేసరికి కాదని ఆమే చెప్పుకున్నారు. 2012లో ప్రసిద్ధ కెనడా రచయిత్రి మార్గరెట్ అట్వుడ్ ఆమెను శిష్యురాలిగా ఎంచుకున్నారు. 'ది పవర్' 2017లో బ్రిటన్‌లో స్త్రీల నవలలకిచ్చే బైలీస్ బహుమతి గెలుచుకుంది.

మన వాడుకలో పవర్ అంటే అధికారమే కాదు, కరెంటు కూడా. నవలలో రెండూ ఒకటే. ఆడపిల్లల మెడ ఎముకల దగ్గర ఒక కొత్త కండరం పనిచేయడం మొదలవుతుంది. వాళ్లు చేత్తో తాకి ఎదుటివాళ్లకు షాక్ ఇవ్వగలరు, చంపనూ గలరు. పెద్ద స్త్రీలలో కూడా ఆ శక్తిని మేల్కొలపగలరు. పెంచిన తండ్రి చేతిలో ఏళ్ల తరబడి అత్యాచారానికి గురైన ఆలీ అనే అమ్మాయి అతన్ని చంపి బయటపడుతుంది. దేశాలు తలకిందులవుతాయి. ఇంతవరకు చదివేటప్పుడు మనకు కలిగే సంతృప్తిని దాచుకోనక్కర్లేదు.

అయితే కథ అక్కడితో ఆగదు. బెస్సపారా అనే కొత్త దేశం ఏర్పడుతుంది. అక్కడ మగవాడికి ఒక స్త్రీ సంరక్షకురాలిగా ఉండి తీరాలి. ఆమె రాతపూర్వక అనుమతి లేనిదే అతను బయట తిరగడానికి వీల్లేదు. ఓటు లేదు, సొంత వ్యాపారం లేదు. శరణార్థుల శిబిరంలో మగవాళ్లపై స్త్రీ సైనికులు అత్యాచారాలు చేస్తారు. ఇదంతా కళ్లారా చూసి, ప్రాణాలకు తెగించి నమోదు చేసిన టుండే అనే నైజీరియా యువకుడి పుస్తకాన్ని ఒక స్త్రీ తన పేరుతో వేసుకుంటుంది.

"చూశారా, అధికారమొస్తే మీరూ అంతే!" అని ఎవరైనా అనవచ్చు. కానీ ఈ వాదన ఒక విషయాన్ని ఒప్పేసుకుంటోంది. స్త్రీలు పుట్టుకతో ఓర్పుగలవాళ్లు, త్యాగమూర్తులు అనేది అబద్ధమైతే, మగవాడి హింస అతని స్వభావం, ఏమీ చేయలేం అనేది కూడా అబద్ధమే. హింస మగతనంలో లేదు, ఆడతనంలో లేదు. శిక్ష పడుతుందన్న భయం లేని బలంలో ఉంది. బెస్సపారా చట్టాల్లో ఏ ఒక్కటీ రచయిత్రి ఊహించి పుట్టించినది కాదు. అవి ఎక్కడో ఒకచోట, ఎప్పుడో ఒకప్పుడు స్త్రీలు అనుభవించినవే. మగవాళ్లకు వర్తింపజేస్తే దారుణంగా కనిపించేది మనకు వర్తించినప్పుడు ఆచారంగా ఎందుకు కనిపిస్తోంది?

ఇక అత్త విషయం. నవలలో స్త్రీల బలం వాళ్ల సొంత ఒంట్లోది. మన ఇళ్లలో అత్త బలం అలాంటిది కాదు, కొడుకు తల్లిగా అరువు తెచ్చుకున్నది. ఇల్లు ఆమె పేరున ఉండదు, భూమి పట్టా ఉండదు. అత్తా ఒకింటి కోడలే అని సామెత ఊరికే పుట్టలేదు. అరువు అధికారాన్ని చూపించి, అసలు యజమానిని మరిచిపొమ్మనడం న్యాయం కాదు. అలాగని అత్త చేసిన హింస హింస కాకుండా పోదు. రెండూ చెప్పే ధైర్యం మనకుండాలి.

నవల చివర్లో రెండు బొమ్మల గురించిన మాట ఉంది. మొహెంజొదారో తవ్వకాల్లో దొరికిన గడ్డపు మగమనిషి రాతి శిల్పానికి పురాతత్వవేత్తలు 'పురోహిత రాజు' అని పేరు పెట్టారు. నడుం మీద చెయ్యేసి ధీమాగా నిలబడిన సుమారు 10.5 సెంటీమీటర్ల కంచు యువతిని 'నాట్యకత్తె' అన్నారు. అతను రాజని గాని, ఆమె నాట్యం చేసేదని గాని రుజువు లేదు. 5,000 ఏళ్ల తర్వాతి స్త్రీల రాజ్యంలో అలాంటి బొమ్మలకే 'పూజారిణి రాణి', 'పనికుర్రాడు' అనే పేర్లుంటాయని ఆల్డర్‌మన్ చూపించారు. ఎవరి చేతిలో అధికారముంటే చరిత్ర వాళ్లకు అలా కనిపిస్తుంది.

ఇలాంటి ఊహ మనకు కొత్త కాదు. 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో బెంగాలీ రచయిత్రి రొకయా సఖావత్ హుసేన్ 'సుల్తానాస్ డ్రీమ్' కథ వచ్చింది. అందులో మగవాళ్లు పరదాలో ఉంటారు, స్త్రీలు విజ్ఞానంతో దేశాన్ని నడుపుతారు. అది బందీ అయిన మనిషి కల, అందులో న్యాయమైన కోపముంది. ఆ పరదా వెనకున్న మనిషి ఏమయ్యాడన్నది 111 ఏళ్ల తర్వాత ఆల్డర్‌మన్ వేసిన ప్రశ్న. మనకు రెండూ కావాలి. కల లేకపోతే కదలం, ప్రశ్న లేకపోతే దారి తప్పుతాం.

మనం భూమిలో వాటా అడుగుతున్నాం, చట్టసభల్లో చోటు అడుగుతున్నాం. అడగాల్సిందే, సాధించాల్సిందే. దాంతోపాటు ఆ చోట కూర్చున్న మనిషిని, ఆడైనా మగైనా, నిలదీసే హక్కు కింద ఉన్నవాళ్లకు ఉండాలని కూడా అడగాలి. ఆ హక్కును ముందుగా మన ఇళ్లలో, మన సంఘాల్లో ఆచరించి చూపాలి. మన ఇంట్లో పనిచేసే స్త్రీకి, మన సమావేశంలో వెనక వరసలో కూర్చున్న స్త్రీకి మనల్ని ప్రశ్నించే ధైర్యం ఉందా? అక్కడి నుంచి మొదలుపెడదాం.