ముందు ఖాళీ సంచి తూకం

పల్లికాయ అమ్మిన రోజున మా ఇంట్లో ధర గురించి కంటే తరుగు గురించే ఎక్కువ మాటలు నడుస్తాయి. "ఖాళీ సంచిని వేరే కాంటా పెట్టు, ఎంతుంటే అంతే తీయి" అంటాడు మా నాయన. అది న్యాయమే కాదు, శాస్త్రం కూడా అని గెలాక్సీల గురించి చదివాకే నాకు తెలిసింది.

కొన్ని గెలాక్సీల నడిబొడ్డు నక్షత్రంలా మిరుమిట్లు గొలుపుతుందని, వాటి వర్ణపటంలో రేఖలు బాగా వెడల్పుగా ఉంటాయని 1943లో కార్ల్ సీఫర్ట్ రాశాడు. మహా బ్లాక్ హోల్ చుట్టూ సుడులు తిరుగుతూ వేడెక్కిన వాయువుదే ఆ వెలుగని నేడు తెలుసు. మరి ఆ వెలుగు ఎంత? తిరకాసంతా ఇక్కడే. చిత్రంలో కేంద్రకం వెలుగు, దాని చుట్టూ ఉన్న కోట్ల నక్షత్రాల వెలుగు, ఆకాశపు వెలుగు మూడూ కలిసిపోయి ఉంటాయి. పైగా మన గాలి కదలికలకు సూదిమొన లాంటి కేంద్రకం మరకలా అలుక్కుపోతుంది. అందుకని అదే చిత్రంలో ఒంటరి నక్షత్రాన్ని పట్టుకుని, చుక్క ఎంత మేర అలుక్కుందో కొలుస్తారు. ఆ అచ్చుతో కేంద్రకాన్ని, 1948లో ద వాకులర్ చెప్పిన సూత్రంతో చుట్టూ ఉన్న నక్షత్రాల ఉబ్బును విడదీస్తారు. గెలాక్సీకి దూరంగా ఖాళీ జాగాలో ఆకాశాన్ని కొలిచి తీసేస్తారు. అది ఎక్కువ తీస్తే గెలాక్సీ అంచులు మాయం, తక్కువ తీస్తే లేని అంచులు పుట్టుకొస్తాయి. అచ్చం తరుగు తగాదాయే!

ఇక మన ల్యాబు సంగతి. స్క్రూగేజి జీరో ఎర్రర్ కూడా ఖాళీ సంచి తూకమే. దాన్ని చూడకుండానే "నిల్" అని రాస్తాం. లోలకం ప్రయోగంలో 980 రావాలని ముందే తెలుసు గనుక రీడింగులు వెనకనుంచి అల్లుకొస్తాం. నేనూ అల్లాను, మార్కులూ వచ్చాయి.

గెలాక్సీ కేంద్రకానికి మాత్రం వెనక పేజీలో జవాబుండదు. ఎన్.జి.సి. 4151 కేంద్రకం వెలుగైతే కాలాన్ని బట్టి మారుతుంది కూడా, కాబట్టి సీనియర్ల రికార్డు చూసి రాసుకునే వీలు లేదు. 1968లో ఉస్మానియా వారు నగరపు దీపాలకు దూరంగా జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని పెట్టారు. మనకు అదీ అక్కరలేదు. స్లోన్ సర్వే చిత్రాలు ఎవరికైనా ఉచితం, కంప్యూటర్ ల్యాబు చాలు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల నుంచి వచ్చిన మనకు చీకటి ఆకాశమంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు.

ఏటా ఒక ప్రాక్టికల్ బదులు ఒక గెలాక్సీ ఇవ్వండి. మార్కులు జవాబుకు కాదు, తరుగు తీసిన తీరుకు వేయండి. సిలబస్‌లో లేదంటారేమో, జీరో ఎర్రర్ ఉంది కదా సార్!