పూచీ ఎవరిది?

పరాయి ఊళ్ళో జట్కా ఎక్కేముందే బేరం తేల్చుకోవాలి గాని దిగేటప్పుడు కాదని మా తాతగారు అంటూ ఉండేవారు. జట్కాలు పోయాయి, తాతగారూ పోయారు. ఆ మాట మాత్రం కిందటి వేసవిలో, అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఒక పెట్రోలు బంకు ముంగిట నిలబడి ఉండగా జ్ఞాపకం వచ్చింది. అప్పటికే బేరం వేళ దాటిపోయింది.

డల్లాసులో ఉంటున్న మా తమ్ముడింటికి సకుటుంబంగా వెళ్ళాం. వాడి కారు వాడి ఆఫీసుకే సరిపోతుంది. అంచేత శాన్ ఆంటోనియో చూసి రావడానికి విమానాశ్రయంలో ఒక కారు అద్దెకు తీసుకున్నాను. మాతోబాటు మా అక్కయ్య కొడుకు కూడా బయలుదేరాడు. వాడక్కడే ఎమ్మెస్ చదువుతున్నాడు. వయస్సు 22.

కౌంటరు దగ్గర ఒక అమ్మాయి చిరునవ్వుతో నాలుగు రకాల రక్షణలు గడగడా చదివింది. నా వెనక వరసలో అరడజను మంది. కారుకు దెబ్బ తగిలితే నేను కట్టనక్కర్లేదన్న మొదటిదానికి సరేనన్నాను. ఎదుటివారికి నష్టం కలిగితే ఇచ్చే రెండోదాన్ని, ఎలాగూ చట్ట ప్రకారం ఉండే ఉంటుంది కదా అని, వద్దన్నాను. తక్కిన రెండూ కూడా వద్దన్నాను. ఇంకెవరైనా నడుపుతారా అని అడిగింది. మావాడి సంగతి చెబితే, 25 ఏళ్ళు నిండనివాళ్ళకు రోజుకింతని అదనంగా కట్టాలంది. ‘ఎందుకులే, నేనే నడుపుతాను’ అని సంతకం చేసేశాను.

డల్లాసు నుంచి శాన్ ఆంటోనియో రమారమి 275 మైళ్ళు. ఆస్టిన్ దాటేసరికి నా కళ్ళు మూతలు పడుతున్నాయి. “మామయ్యా, మీరు కాసేపు వెనక కూర్చోండి. నాకు టెక్సస్ లైసెన్సు ఉందిగా” అన్నాడు మావాడు. తాళం ఇచ్చేశాను. నిద్రమత్తులో నడపడం కంటె అదే నయమనుకున్నాను. బండి ఓ పక్కన ఆపి కాస్త కాఫీ తాగడం ఇంకా నయమని తోచలేదు.

తరవాత పెట్రోలు పోయించుకుని కారు వెనక్కి తీస్తుండగా సిమెంటు స్తంభానికి కొట్టాడు. బంపరు ఊడి వేళ్ళాడింది, వెనక తలుపు లోపలికి పోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. కాని అంతకు అర నిమిషం ముందే ఒక తల్లి, చంటిబిడ్డను తోపుడుబండిలో పెట్టుకుని, సరిగా ఆ స్తంభం పక్కనించే నడిచి వెళ్ళింది. నేను చూశాను.

మావాడి ముఖాన నెత్తురు చుక్క లేదు. “మామయ్యా, మీరే నడిపారని చెప్పెయ్యండి. మీ పేరు మీద వెయివరు ఉందిగా, పైసా కట్టక్కర్లేదు” అన్నాడు.

“పాపం, పిల్లవాడండీ. ఎవరికి ఏం పోయిందని? రోజుకింతని కట్టనే కట్టాం కదా” అంది మా ఆవిడ మెల్లగా.

నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే చెప్పేద్దామనిపించింది. కంపెనీకి టెలిఫోను చేసేముందు, అద్దె ఒప్పందం తీసి అక్కడే బల్ల మీద కూర్చుని మొట్టమొదటిసారిగా చదివాను. ఆ పావుగంటలో, ఆ తరవాత నెల రోజుల్లో నేను నేర్చుకున్నది పాఠకులకు చెప్పడానికే ఈ వారం ఈ గొడవంతా.

కౌంటరు దగ్గర మొదట అంటగట్టేది కొలిజన్ డామేజి వెయివర్. కొందరు లాస్ డామేజి వెయివర్ అంటారు. మనం దాన్ని ఇన్సూరెన్సు అనుకుంటాం. అసలు అది ఇన్సూరెన్సే కాదు. ‘కారు పాడైతే నీ దగ్గర వసూలు చేసే హక్కును నేను వదులుకుంటున్నాను’ అని కంపెనీవాడు మనకిచ్చే మాట, అంతే. మాట ఇచ్చినవాడు షరతులూ పెట్టుకుంటాడు. తాగి నడిపినా, ఒప్పందంలో పేరు లేని మనిషి నడిపినా ఆ మాట చెల్లదు. మావాడి లైసెన్సు సలక్షణమైనదే. ఒప్పందంలో వాడి పేరు లేదు, అదీ చిక్కు. కాలిఫోర్నియాలో అయితే తగిన వయస్సూ లైసెన్సూ ఉన్న భార్యను గాని భర్తను గాని చట్టమే అనుమతి ఉన్న చోదకులుగా లెక్కిస్తుంది. మేనల్లుడికి అక్కడా ఆ భాగ్యం లేదు.

నేను వద్దన్న రెండోది లయబిలిటీ, అంటే ఎదుటి మనిషికి మనం పడే పూచీ. నా అజ్ఞానమంతా ఇక్కడే ఉంది. మన దేశంలో ప్రతి కారుకూ మూడో మనిషి కోసం భీమా ఉండి తీరాలి. అతని ప్రాణానికీ గాయానికీ ట్రిబ్యునలు ఎంత నిర్ణయిస్తే అంతా, పైహద్దు లేకుండా, ఇన్సూరెన్సు కంపెనీ ఇస్తుంది. అమెరికాలోనూ అంతే కాబోలుననుకున్నాను. అక్కడ ఏ రాష్ట్రం లెక్క ఆ రాష్ట్రానిది. టెక్ససులో చట్టం అడిగే కనీసపు భీమా, గాయపడిన ఒక్కరికి 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో గాయపడిన అందరికీ కలిపి 60,000, ఆస్తి నష్టానికి 25,000. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అవి 30,000, 60,000, 15,000. రూపాయల్లో చూస్తే పెద్ద మొత్తాలే. కాని ఆ దేశపు ఆసుపత్రిలో ఒక శస్త్రచికిత్సా నాలుగు రోజుల మంచమూ అయితే 30,000 ఏ మూలకు? అక్కడ కొత్త పికప్ ట్రక్కు ఖరీదే 25,000 దాటుతుంది. హద్దు దాటిన సొమ్ము కోసం నడిపిన మనిషి మీదికే వస్తారు.

‘కారు కంపెనీది కదా, దానికి పూచీ లేదా?’ అంటారేమో. 2005లో అమెరికా కాంగ్రెసు చేసిన గ్రేవ్స్ సవరణ అనే చట్టం ఆ దారి మూసింది. కంపెనీ తప్పేదీ లేనప్పుడు, కేవలం కారు దానిదైనంత మాత్రాన అద్దెకు తీసుకున్నవాడు చేసిన ప్రమాదానికి కంపెనీని బాధ్యుణ్ణి చేయడానికి వీల్లేదు. అందుకే కౌంటరు దగ్గర అదనపు లయబిలిటీ అమ్ముతారు. ఒక్కొక్క చోట 3 లక్షల డాలర్ల దాకా, ఒక్కొక్క చోట 10 లక్షల దాకా అది పూచీ పడుతుంది.

ఇక మూడోది కారులో కూర్చున్నవారి గాయాలకు, నాలుగోది సామానుకు. ప్రయాణపు పాలసీ ఉన్నవారికి ఈ రెండూ చాలామటుకు అందులోనే ఉంటాయి. కాని ఆ పాలసీ ఉందన్న ధీమాతో రెండోదాన్ని వదులుకోకూడదు. నేను ఇక్కడ కొన్న ప్రయాణపు పాలసీలో ‘ఇతరులకు పూచీ’ అని ఒక శీర్షిక ఉంది. కింద చిన్న అక్షరాల్లో, మోటారు వాహనం నడపడం వల్ల వచ్చే పూచీ దీనిలోకి రాదనీ ఉంది. క్రెడిటు కార్డు ఇచ్చే రక్షణ కూడా, ఉన్నచోట, సాధారణంగా అద్దె కారు డామేజికే గాని ఎదుటి మనిషికి కాదు.

చూశారా తమాషా! కారు బంపరు కోసం డబ్బు కట్టాను. ఆ తోపుడుబండిలో బిడ్డ కోసం కట్టలేదు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. వాక్యంలో కర్త ఎవరని ఇరవై ఏళ్ళుగా పిల్లల్ని అడుగుతున్నాను. టెలిఫోనులో అవతలి మనిషి అడిగిన మొదటి ప్రశ్నా అదే: “ఎవరు నడుపుతున్నారు?” కర్తను మార్చి చెబితే 2,000 డాలర్లు మిగులుతాయి. కాని ఆ స్తంభం చోట మనిషే ఉంటే? అప్పుడూ నేనే నడిపానని అనేవాణ్ణా? అనలేను. స్తంభం దగ్గర ఒక కర్త, మనిషి దగ్గర ఇంకో కర్తా ఎలా కుదురుతారు? పైగా అది పరదేశం. మోసపు క్లెయిము నేరం. చదువుకునే కుర్రవాడి వీసా, ఎదట కెమేరా, అన్నీ ఉన్నాయి. ఇవన్నీ లేకపోయినా నిజమే చెప్పేవాణ్ణని గొప్పలు పోను. మొత్తానికి, “మా మేనల్లుడు” అన్నాను.

మావాడు తల దించుకున్నాడు. మా ఆవిడ ఆ పూట నాతో మాట్లాడలేదు. కంపెనీ ఆ కారు తీసేసుకుంది, ఇంకొకటి ఇవ్వలేదు. శాన్ ఆంటోనియో చూసి బస్సులో తిరిగొచ్చాం. మూడు వారాలకు బిల్లు వచ్చింది. మరమ్మతుకు 1,640 డాలర్లు, కారు అద్దెకు పోకుండా పడి ఉన్న రోజులకు 310, ఆఫీసు ఖర్చులకు 100, వెరసి 2,050. దెబ్బ తిన్న కారు ఖాళీగా ఉన్నందుకు కూడా అద్దె కట్టాలని అప్పటిదాకా నాకు తెలియదు. తాళం ఇచ్చినవాణ్ణి నేను కాబట్టి బిల్లు నేనే కట్టాను. వద్దంటున్నా వినకుండా మావాడు నెలకు 50 డాలర్లు పంపుతున్నాడు. మా ఆవిడే ఆ లెక్క రాస్తోంది.

ఒక దేశంలో నేర్చిన పాఠం ఇంకో దేశంలో పనికిరాదని కూడా చెప్పాలి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో మూడో మనిషి భీమా తప్పనిసరి. అది అద్దెలోనే కలిసి ఉంటుంది. అక్కడ చూసుకోవలసింది ‘ఎక్సెస్’, అంటే వెయివరు ఉన్నా మనం భరించవలసిన మొదటి వాటా. న్యూజీలాండులో 1974 నుంచీ ప్రమాదంలో గాయపడినవారి చికిత్సను, తప్పెవరిదైనా సరే, ప్రభుత్వ పథకమే చూస్తుంది, పర్యాటకులకు కూడా. కాని అక్కడ కార్లకు మూడో మనిషి భీమా తప్పనిసరి కాదు. ఎదుటివాడి కారు మనం పాడుచేస్తే సంగతేమిటో ఒప్పందంలో చూసుకోవాలి.

కనక, పిల్లల దగ్గరికి ప్రయాణం కట్టే పాఠకులారా, ఇంట్లో తీరికగా ఉన్నప్పుడే ఈ బేరం తేల్చుకోండి. మన దేశం నుంచి ముందుగా బుక్ చేసుకునే విదేశీయులకు వెయివరూ, అదనపు లయబిలిటీ కలిపి ఒకే ధరకు ఇచ్చే ఏర్పాట్లు తరచు ఉంటాయి. అవి చూడండి. కౌంటరు దగ్గర వరసకు జంకకుండా నాలుగు ప్రశ్నలు వెయ్యండి: ఎదుటి మనిషికి ఎన్ని డాలర్ల దాకా పూచీ? కారుకు దెబ్బ తగిలితే నా వాటా ఎంత? ఏ ఏ పనులు చేస్తే ఈ మాట చెల్లదు? ఎవరెవరి పేర్లు రాశారు? స్టీరింగు పట్టే అవకాశం ఏ కొంచెం ఉన్నవారి పేరైనా, రోజుకు పది డాలర్లు ఎక్కువైనా సరే, రాయించండి. కారు తీసుకునేటప్పుడూ అప్పగించేటప్పుడూ నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి.

నిద్ర వస్తే మాత్రం తాళం ఎవరికీ ఇవ్వకండి. కారు ఓ పక్కన ఆపి కాఫీ తాగండి.