బీపీ మాత్ర, బస్సు ప్రయాణం

చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం వైపు నుండి ఖమ్మం బయలుదేరే స్త్రీలు పలువురు ఆనాడు బీపీ మాత్ర మానివేస్తారు. దారిలో మరుగుదొడ్డి దొరకదన్న భయమే కారణం. సిగ్గుచేత వైద్యునికి చెప్పరు, వైద్యుడూ అడగడు. నా దృష్టిలో బస్టాండులోని శుభ్రమైన మరుగుదొడ్డి కూడా బీపీ చికిత్సలో భాగమే.

మాత్ర పేరు చివర ‘హెచ్’ ఉన్నదేమో చూడండి. సాధారణంగా అది హైడ్రోక్లోరోథయజైడ్, అనగా మూత్రాన్ని అధికం చేసే మందు. దానిని రాత్రి కాక ఉదయం వేసుకొనుట మేలు. ప్రాజోసిన్ మూత్రాశయ ద్వారాన్ని వదులు చేస్తుంది. ప్రోస్టేట్ ఉబ్బిన పురుషులకు అది ఉపకారమే. స్త్రీలకు మాత్రం దగ్గినా తుమ్మినా మూత్రం జారవచ్చు. ఎనాలప్రిల్ తెచ్చే పొడిదగ్గు ఆ బాధను మరింత పెంచుతుంది.

వీటికి బదులు మందులున్నాయి. మీరుగా మాత్ర మానితే పక్షవాతపు ముప్పు. మే నెల ఎండలో నీరు మానితే కళ్లు తిరిగి పడిపోతారు. ఈసారి మాత్రల అట్ట వెంట తీసుకొనిపోయి, “మూత్రం ఆగడం లేదు” అని వైద్యునికి స్పష్టంగా చెప్పండి.